కుడికాలి చెప్పు

కంపెనీ మొదలు ఖాళీ డబ్బా పంపింది.
అద్దాల బీరువల పెట్టి కింద లైటేసినం.
మిర్యాలగూడ సాగర్ రోడ్డు మీద పొయ్యే పోరగాండ్లంతా
బండ్లాపి, అద్దానికి ముక్కులానిచ్చి చూసిండ్రు.
సాయంత్రానికి అద్దం నిండ ముక్కుల మరకలు.
తుడిచేది నేనే. సైదులంటరు నన్ను.
మెహతాబ్ ఎలక్ట్రానిక్స్‌ల పేర్లు రాసే పని కూడ నాదే.

రెండువేలు కట్టు, పేరు రాయించుకో, ఎదురుచూడు.
గేమ్ ఆడే ఆ పెట్టె కోసం
పొడుగు బుక్కుల అరవై మూడు పేర్లు.
రైస్‌మిల్లు ఓనరు కొడుకు, కంటి డాక్టరు అల్లుడు,
తండా నుంచి రమావత్ హరిలాల్, డిగ్రీ రెండో ఏడు,
ఇరవై తొమ్మిదో నంబరు లింగస్వామి,
పెట్రోలు బంకుల గాలి కొట్టే పిల్లగాడు.
వాడు తెచ్చినయన్నీ పదులు, ఇరవైలు, గ్రీజు వాసన.
లెక్కపెట్టేసరికి నా చాయ్ చల్లారింది.

"ఎప్పుడొస్తదన్నా?"
"వచ్చే సోమారం."
హైదరాబాదు డీలరు మాకు చెప్పిందే మేము చెప్తం.
ఆయనకెవరు చెప్తరో,
ఏ సముద్రం మీద ఏ ఓడ ఆగిందో,
చిటికెన గోరంత చిప్పు దొరకక
దునియా అంతా కుదేలయిందట.
మాకు ఎరుకైంది సోమారమే.
ఆషాఢం సోమారాలు పోయినయి, శ్రావణం సోమారాలొచ్చినయి,
ఒక్కపొద్దులున్నట్టే ఉన్నరు పోరగాండ్లు.

రోడ్డుకు అవతల ఎరువుల గోదాం.
అక్కడ కూడ సోమారమే చెప్తరు.
నాట్లు పడి నెలయింది, యూరియా లేదు.
చెప్పుల వరుస. తెగినవి, పిన్నీసు పెట్టినవి,
పాస్‌బుక్కు జిరాక్సు మీద రాయి,
మనుషులేమో నీడకు.
చెప్పులు ఎండకు కాలుతయి గానీ
అలిగి లేచిపోవు.

ఒకనాటి రాత్రి ఎవడో పుకారు లేపిండు,
తెల్లారి కార్గో బస్సుల మాలొస్తదని.
షటరు తీద్దామని నేనొచ్చేసరికి
మా మెట్ల కాన్నుంచి చాయ్ బండి దాంక చెప్పులు.
ఎవరు నేర్పిండ్రు వీళ్లకు?
ఎదురుంగనే ఉంది గద బడి.
స్పోర్ట్స్ బూట్లు, తోలు చెప్పులు, నడుమ ఒక హవాయి.
ఒక్కటే. కుడికాలుది. నీలం పట్టీ.

జత ఏదని ఎతికితే
రోడ్డవతల, సోమక్క పాస్‌బుక్కు పక్కన దొరికింది.
ఎడమది యూరియాకు, కుడిది మాకు.
డివైడరు మీద ఉత్త కాళ్లతో లింగస్వామి,
మెడ ఇటొకసారి, అటొకసారి.
వాళ్లమ్మకు జరమట.

పదకొండింటికి రెండు మాళ్లూ వచ్చినయి.
వాళ్లకు రెండొందల బస్తాలు, మాకు రెండు డబ్బాలు.
ఒకటి మూడో నంబరుకు పోయింది, నిజంగ మూడో నంబరుకే.
రెండోది ఫోన్లనే అమ్ముడువోయింది, పదివేలు ఎక్కువకు.
సేటు నా దిక్కు చూడలేదు.
నేను బుక్కు దిక్కు చూసిన.
వరుసల చెప్పులు ఒక్కొక్కటే
కాళ్లు తొడుక్కొని ఎల్లిపోయినయి.
అవతల, ఎడమ చెప్పుకు ముందు ఇంక పదిమంది ఉండంగనే
బస్తాలు ఒడిసినయి.

పొద్దుమీకినంక వచ్చిండు వాడు,
రెండు చెప్పులూ చేతులనే పట్టుకొని.
"అన్నా, నా రెండువేలల్ల ఎనిమిదొందలు ఇస్తవా?
బయట బస్తా నాలుగొందలట. రెండు తీస్కుంట.
పేరు మాత్రం కొట్టెయ్యకు.
కిందికి జరిపినా సరే."

నా జీతంల నుంచి ఇచ్చిన అని
చెప్పుకుంటే బాగుండు.
గల్లల నుంచే తీసిచ్చి
ఇరవై తొమ్మిది పక్కన పెన్సిలుతో
"బాకీ" అని రాసిన.

పోతపోత బీరువ తియ్యమన్నడు.
బస్తా ఎత్తబోయినట్టు నడుం వంచి
డబ్బాను రెండు చేతులతో పట్టిండు.
చేతులు ఉత్తగనే పైకి లేచినయి.
"బరువే లేదు గదన్నా" అని నవ్విండు.
మళ్ల దాని జాగలనే,
మూలకు మూల కలిపి పెట్టిండు.

ఆ రాత్రి నేను అద్దం తుడవలేదు.